సీమకోడి కడుపులో సందేహం

తాడివాక సీమకోళ్ల సమగ్రాభివృద్ధి సంస్థలో ఎవరికైనా బదిలీ అయితే, ఉత్తర్వు అందగానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడానికి వీల్లేదు. ముందు కోడిని తినాలి.

ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గాని, పెట్టినవాడు బాగా ఆలోచించే పెట్టాడు. ఇంటింటా సీమకోడి మాంసం ఉడకాలనే సంకల్పంతో పుట్టిన సంస్థ అది. ఇంటింటి సంగతి తరువాత, ముందు సొంత ఉద్యోగులైనా తినకపోతే లోకం నవ్వుతుందని పైవాళ్ళు గ్రహించారు. అందుకని వెళ్ళేవాళ్ళకు వీడ్కోలు విందు చెయ్యాలి. విందులో కడుపు నిండా సరుకు కూరి వండిన సీమకోడి ఉండాలి. వెళ్ళేవాళ్ళు మెడలో దండతో, ఎదుట కోడితో ఫోటో దిగాలి. ఆ ఫోటో పై ఆఫీసుకు చేరితే తప్ప విడుదల ఉత్తర్వు రాదు. శాకాహారి అయిన ఒక డ్రైవరుకు చాలాసార్లు బదిలీ అయింది. పాపం, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు.

ఆ కోడిని వండేది సంస్థ అతిథిగృహంలో వంటమనిషి రాహేలమ్మ. పెద్దావిడ. ఒంటి నిండా భయమే. స్టవ్ ఆపి ఇంటికి వెళ్ళి, ఆపానో లేదోనని తిరిగొచ్చి చూసి, చూశానో లేదోనని గేటు దగ్గర నిలబడి ఆలోచించే మనిషి. బడికి వెళ్ళలేదు. దుకాణాల బోర్డులు చూసి, సరుకులు కట్టిచ్చిన కాగితాలు చూసి చదువు నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇక ఏ కాగితాన్నీ చదవకుండా పారెయ్యలేదు.

ఆవిడకు లోకంలో అన్నిటికంటే భయం కలిగించే మాట ‘వెళ్ళొస్తాం’. ఆవిడ చేతి కోడి తిన్నవాళ్ళందరూ చెయ్యి కడుక్కుని ఆ మాటే అన్నారు. ఒక్కళ్ళూ రాలేదు. పెళ్ళయిన కొత్తలో బొగ్గు గనుల్లో పనికని బయల్దేరిన ఆవిడ భర్త కూడా గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ సరిగ్గా అదే మాట అన్నాడు. దాంతో రాహేలమ్మకు సీమకోడిని చూస్తే రైలు కూత వినబడినట్టుంటుంది.

ఈసారి కోడి పద్మాక్షికి.

పద్మాక్షి ఆఫీసులో గుమాస్తా. మధ్యాహ్నం కాగానే టిఫిన్ డబ్బా పట్టుకుని వంటింట్లోకొచ్చి, పీట లాక్కుని కూర్చుని, రాహేలమ్మ కూరలో సగం తన డబ్బాలోకి, తన పచ్చడిలో సగం రాహేలమ్మ కంచంలోకి మార్చేది. ఏళ్ళ తరబడి అదే అలవాటు. భర్త కామేశం పలాసలో బడిపంతులు. ఆయన అక్కడ, ఈవిడ ఇక్కడ. ఇన్నాళ్ళకు పలాస ఉపకేంద్రంలో ఒక ఖాళీ వచ్చింది, పద్మాక్షికి బదిలీ అయింది. నెలాఖరులోగా చేరాలి. చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది.

“పెద్దమ్మా, ఆయన రోజూ ఫోన్ చేసి పప్పులో ఉప్పు ఎంతెయ్యాలని అడుగుతాడే. ఇన్నేళ్ళయినా వంట రాలేదు. ఇక నేనే వెళ్ళి వేస్తా” అని నవ్వింది పద్మాక్షి.

“వెళ్ళు తల్లీ, వెళ్ళు. మొగుడి దగ్గరకు వెళ్తానంటే ఎవరొద్దంటారు?” అంది రాహేలమ్మ. అని, అటు తిరిగి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆవేళ కూరలోకి ఉల్లిపాయలు అవసరం లేదు.

ఆ సాయంత్రమే ఆవిడకు మిరపకాయ బజ్జీల పొట్లం కాగితం మీద ఆ వార్త కనబడింది. ‘పక్షి కడుపులో సరుకు కూరి వండటం క్షేమమేనా?’ అని పైన పెద్ద అక్షరాలు. కింద, పక్షి పైపైన ఉడికినా లోపలి సరుకు సరిగా ఉడక్కపోవచ్చుననీ, పచ్చి మాంసం నీరు అందులోకి ఇంకి సూక్ష్మక్రిములు బతికి ఉండవచ్చుననీ రాసి ఉంది. ‘కావున నిపుణుల సలహా ఏమనగా’ అన్న చోట కాగితం నూనెలో నానిపోయింది. వెలుగుకు పెట్టి చూసింది. వెనక వైపున్న సిమెంటు ప్రకటన తప్ప ఏమీ కనబడలేదు.

రాత్రంతా రాహేలమ్మకు నిద్ర లేదు. ఇన్నేళ్ళుగా తన కోడి తిన్నవాళ్ళలో ఒక్కళ్ళూ ఎందుకు తిరిగి రాలేదో ఆవిడకు కొత్తగా ఒక అనుమానం మొదలైంది.

తెల్లవారగానే మేనేజరు భుజంగరావు దగ్గరకు వెళ్ళింది.

“అయ్యా, కోడి కడుపులో సరుకు పెట్టి వండితే ప్రమాదమంటగా. పెట్టమంటారా, వద్దంటారా?”

భుజంగరావు ఉద్యోగంలో చేరిన నాటినుంచి ‘అవును’ అనలేదు, ‘కాదు’ అనలేదు. అలాగే మేనేజరయ్యాడు. పెట్టమంటే, రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఆ నొప్పి తన సంతకం మీదకు వస్తుంది. వద్దంటే, గోడమీద తన నెత్తిన వేలాడే సంస్థ నినాదం ఏం కావాలి? ‘కడుపు నిండిన కోడి – కడుపు నింపే కోడి’ అని రాసి ఉంది అక్కడ.

“ఇది చిన్న ప్రశ్న కాదు రాహేలమ్మా. విధానపరమైన ప్రశ్న. పైకి రాస్తాను” అన్నాడు.

“శనివారం విందు కదయ్యా?”

“స్పష్టత వచ్చేదాకా విందు నిలుపుదల.”

రాహేలమ్మ వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. విందు లేకపోతే ఫోటో లేదు. ఫోటో లేకపోతే ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేకపోతే పద్మాక్షి రేపు మధ్యాహ్నం కూడా డబ్బా పట్టుకుని వస్తుంది. ఆవిడ ప్రశ్న అడిగింది భయంతోనే, దేవుడి మీద ఒట్టు. కాని ఆ మధ్యాహ్నం పప్పులో నెయ్యి కాస్త ఎక్కువే పడింది.

పై ఆఫీసు ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. వారం తిరక్కుండానే పశుసంవర్ధక శాఖ జాయింటు డైరెక్టరు డాక్టరు శేషశయనంగారి అధ్యక్షతన, కోడి కడుపు సంగతి తేల్చడానికి వేసిన కుక్షి కమిటీ జీపు దిగింది. పౌరసరఫరాల తరఫున వరహాలశెట్టిగారు వచ్చారు. అతిథిగృహంలో సమావేశం. వంటమనిషి అందుబాటులో ఉండవలెనని ఉత్తర్వు కాబట్టి రాహేలమ్మ తలుపు పక్కన నిలబడింది.

“మొట్టమొదట పరిధిని నిర్ధారించుకోవాలి” అన్నారు శేషశయనంగారు గొంతు సవరించుకుని. “కోడి మా శాఖ పరిధిలోనిది. అందులో సందేహానికి తావు లేదు.”

“లోపలి బియ్యం మా పరిధిలోనిది. ఉల్లిపాయ కూడా” అన్నారు వరహాలశెట్టిగారు.

“బియ్యం కోడి లోపలికి ప్రవేశించిన మీదట?”

“ప్రవేశించినంత మాత్రాన బియ్యం తన స్వభావాన్ని కోల్పోదు సార్. మావాడు మీ ఇంటికి భోజనానికి వస్తే మీవాడైపోతాడా?”

ఈ వాదన భోజనాల వేళ దాకా నడిచింది. చివరకు కోడి చర్మం వరకు పశుసంవర్ధక శాఖ, పక్కటెముకలు దాటిన తరువాత పౌరసరఫరాలు, మధ్యనున్న ఖాళీ ఉభయుల ఉమ్మడి బాధ్యత అని తేల్చారు. లోపలి సరుకుకు ‘అంతర్భాగ పదార్థము’ అని పేరు పెట్టారు.

తరువాత మార్గాలు ఆలోచించారు. సరుకును బయట విడిగా వండి, పళ్ళెంలో కోడి పక్కన పెడితే సరిపోతుంది కదా అన్నాడు భుజంగరావు, జీవితంలో మొదటిసారి ధైర్యం చేసి.

శేషశయనంగారు జాలిగా చూశారు. “పక్కన పెడితే దాన్ని ఏమంటారు?”

“పులావు అంటారండి.”

“వీడ్కోలు విందుకు పులావు మంజూరు అయిందా?”

“లేదండి.”

“కూర్చోండి.”

పోనీ బయట వండి, తరువాత కోడిలో కూరితే? అలా చేస్తే కోడి ఖాళీ కడుపుతో ఉడికినట్టవుతుంది, నినాదానికి భంగం. ఇక మిగిలింది లోపల పెట్టే వండి పరీక్షించడం. డెబ్బై నాలుగు డిగ్రీల వేడి సరుకు నడిమధ్యకు చేరితే క్రిములు చస్తాయని పుస్తకంలో ఉన్నట్టు శేషశయనంగారు చదివి వినిపించారు. సంస్థలో ఉన్న థర్మామీటరు మాత్రం బతికున్న కోళ్ళ జ్వరం చూసేది. రాహేలమ్మ వండిన మొదటి నమూనా కోడిలో దాన్ని గుచ్చగానే టప్పుమని పగిలింది. అంతవరకు ఆ కోడికి తీవ్రమైన జ్వరం ఉన్నట్టు నమోదు చేసి, ఆ నమూనాను గోతిలో పూడ్చారు. కొత్త థర్మామీటరు కొనడానికి టెండరు పిలవాలన్నారు.

“ఈలోగా అనుభవపూర్వక పరీక్ష చేద్దాం” అన్నారు వరహాలశెట్టిగారు. వాసన ఆయన ముక్కుదాకా వచ్చేసింది.

రాహేలమ్మ రెండో కోడి వండింది. సగం ఉడికిన బియ్యం, దోరగా వేయించిన ఉల్లిపాయలు, జీడిపప్పు, పుదీనా, సన్నగా తరిగిన కార్జం. కడుపు కుట్టి, గంగాళంలో పెట్టి, మూతమీద నిప్పులు పోసింది. కమిటీ తిన్నది. మర్నాడు మళ్ళీ వండమన్నది, మళ్ళీ తిన్నది. ‘నమూనా పూర్తిగా వినియోగించబడినది’ అని రాసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. శేషశయనంగారైతే రెండుసార్లూ బొమికలు కూడా వదల్లేదు.

“అయితే క్షేమమేనన్నమాట!” అన్నాడు భుజంగరావు ఆశగా. పద్మాక్షి రోజుకు రెండుసార్లు ఆయన బల్లముందు నిలబడుతోంది మరి.

“అట్లా తొందరపడరాదు” అన్నారు శేషశయనంగారు త్రేన్చి. “అధికారుల కడుపులు సామాన్య ప్రజల కడుపులకు ప్రాతినిధ్యం వహించవు. మేము అనేక విందులకు అలవాటుపడిన వాళ్ళం. అయినా కమిటీ మానవతా దృక్పథంతో ఆలోచించి అనుమతినిద్దామని అనుకుంటున్నది. వంటామెకు ఇంకేమైనా సందేహాలున్నవా?”

రాహేలమ్మ లెక్క వేసుకుంది. అనుమతి వస్తే శనివారం విందు. ఆదివారం బస్సు.

“అయ్యా,” అంది, “కడుపు సంగతి సరే. మెడలో కూడా కాస్త సరుకు పెడతాం కదండీ. మరి మెడో?”

శేషశయనంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మెడ మన పరిశీలనాంశాలలో లేదు” అన్నారు. ఆ సాయంత్రం మెడకు ఉపసంఘం వేశారు.

అప్పటినుంచి రాహేలమ్మకు ఒక రహస్యం తెలిసిపోయింది. ఈ పెద్దమనుషుల ముందు ఏడిస్తే లాభం లేదు, బతిమాలితే లాభం లేదు. సందేహపడితే చాలు. ఆవిడ దగ్గర డబ్బు దస్కం లేవు గాని, సందేహాలకు ఏ రోజూ కొదవలేదు. కోడిని కుట్టే దారం మాటేమిటండీ? తొడ ఎముక పక్కన సందులో వేడి తగులుతుందంటారా? ఎర్ర కోడికీ నల్ల కోడికీ లోపల తేడా ఉండదాండీ? అడిగినప్పుడల్లా ఒక సమావేశం. అంతకాలమూ మధ్యాహ్నం డబ్బా మూత చప్పుడు వంటింట్లో వినబడుతూనే ఉంది.

కాని కమిటీ ఊరుకుంటుందా? కోడి విషయంలో ఇంత జాగ్రత్త పడి, మిగతా వంటలను గాలికొదిలేస్తే పక్షపాతమవుతుందని వాళ్ళకు తోచింది. ‘ఒక పదార్థములో వేరొక పదార్థమును ఉంచి వండరాదు’ అని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. క్యాంటీన్‌లో గుత్తి వంకాయను విప్పి, కారం ఒక గిన్నెలో, వంకాయ ఒక గిన్నెలో వడ్డించారు. పూర్ణం బూరెల్లో పూర్ణం బయటికొచ్చింది; పైన ముంచే తోపు మాత్రం నూనెలో ఉత్తదే వేగింది. బజ్జీలోంచి మిరపకాయను వేరుచేసి, రెండూ పక్కపక్కన పెట్టి, మధ్యలో బెత్తెడు దూరం పాటించారు. కోడిగుడ్డు ఉడకబెట్టబోతే, పచ్చసొన తెల్లసొన లోపల ఉన్న సంగతి ఎవరో గుర్తుచేశారు. దాంతో గుడ్డు కూడా ఆగిపోయింది.

గుడ్డు ఆగాక ఆలోచన పొదుగు కేంద్రం దాకా పాకింది. అక్కడ యంత్రాల్లో వందల గుడ్లు. ఒక్కో గుడ్డులో ఒక్కో పిల్ల. చుట్టూ వేడి చూస్తే డెబ్బై నాలుగు డిగ్రీల్లో సగమే.

“అంతర్భాగ పదార్థము తక్కువ ఉష్ణోగ్రతలో నిలవ ఉంచబడుచున్నది. ఇది ఉత్తర్వుకు పూర్తి విరుద్ధం. వేడిని తక్షణం డెబ్బై నాలుగుకు పెంచవలెను” అన్నారు శేషశయనంగారు.

“పెంచితే పిల్లలు ఉడికిపోతాయండి!” అని పొదుగు కేంద్రం మనిషి నెత్తి పట్టుకున్నాడు.

“క్షేమంగా ఉడుకుతాయి” అన్నారు వరహాలశెట్టిగారు ఓదార్పుగా.

భుజంగరావు ఆ రోజు సంస్థను కాపాడాడు. గుడ్డులోని పిల్లను ఎవరూ కూరలేదనీ, అది తనంతట తానే లోపల ఉన్నదనీ, కావున దాన్ని పదార్థంగా గాక నివాసిగా పరిగణించాలనీ రాసి పంపాడు. పొదుగు కేంద్రం బతికిపోయింది.

ఆ మధ్యాహ్నం పద్మాక్షి వంటింట్లోకి డబ్బా లేకుండా వచ్చింది. పీట లాక్కోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

“పెద్దమ్మా. మెడ సంగతి నువ్వే అడిగావంటగా?”

రాహేలమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. “ఏదో అనుమానమొచ్చిందే.”

“దారం సంగతి?”

“అదీ అనుమానమే.”

“ఎర్ర కోడీ నల్ల కోడీ కూడా అనుమానమేనా?” అంది పద్మాక్షి. “నెలాఖరు దగ్గరపడింది. పలాసలో నా కుర్చీకి ఇంకో మనిషి పేరు రాసి పెట్టారంట, నేను రాకపోతే వేసుకోడానికి. నిన్న ఆయన ఫోన్ చేసి ఉప్పు సంగతి అడగలేదు. అసలు వస్తావా అని అడిగాడు. ఏం చెప్పమంటావ్? మా పెద్దమ్మ నన్ను కోడి కడుపులో పెట్టి కుట్టేసిందని చెప్పనా?”

రాహేలమ్మ స్టవ్ ఆపింది. ఆపిందో లేదోనని ఈసారి చూడలేదు.

“నాకు నిజంగానే భయమేసిందే మొదట” అంది చిన్నగా. “ఆ కాగితం చదివి... నీకేమైనా అవుద్దేమోనని.”

“మొదట సరే. తర్వాతో?”

“తర్వాత... నువ్వు రోజూ వస్తన్నావు గదా.”

పద్మాక్షి వచ్చి నేలమీదే చతికిలబడింది. కోపం పోయిందో, కోపానికి చోటు చాల్లేదో, ఏడుపు ముంచుకొచ్చింది. “పిచ్చిదానా, నేను వెళ్ళినా ఫోన్ ఉంది, రైలుంది...”

“ఆ మాటొకటి చెప్పమాక. అందరూ రైలుందనే వెళ్ళారు.”

“అందరూ అన్నారు గాని నేనన్లేదుగా ఇంకా. అసలు ‘వెళ్ళొస్తా’ అననులే, సరేనా? చెప్పకుండా పోతాను, ఊరికే బజారుకెళ్ళినట్టు.”

“అట్లా కూడా పోమాక” అంది రాహేలమ్మ కంగారుగా. “బజారుకెళ్ళినోళ్ళు చెప్పకుండా పోతే ఇంకా భయం.”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక రాహేలమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, “మళ్ళీ కూర్చునేది ఎప్పుడే ఆ కమిటీ?” అని అడిగింది.

మర్నాడే కూర్చుంది. ఎప్పటిలాగే అన్నీ అయ్యాక, శేషశయనంగారు తలుపు వైపు తిరిగారు. ఈపాటికి ఆయనకు అదొక అలవాటైపోయింది.

“వంటామెకు ఇంకేమైనా సందేహాలున్నవా?”

ఉన్నాయి. రాహేలమ్మ నాలుక చివర నాలుగైదు సందేహాలు తోసుకుంటున్నాయి. రెక్కల సంగతి ఇంకా ఎవరూ అడగనే లేదు. పలాసలో నీళ్ళు పద్మాక్షికి పడతాయో లేదో, అదొకటి. బస్సులో ఒంటరిగా వెళితే కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారో. ఆ కోడి తిని చెయ్యి కడుక్కున్నాక తను మళ్ళీ ఎవరి కంచంలో కూర వెయ్యాలో. అన్నిటినీ మింగేసింది.

“లేవండి” అంది.

కమిటీ కలవరపడింది. ఇన్నాళ్ళూ ఆవిడ సందేహాల మీదే వాళ్ళ జీపు, వాళ్ళ భోజనం నడిచాయి.

“బాగా ఆలోచించి చెప్పుము. మెడ?”

“మెడలో పెట్టనండి. కడుపులోనూ బిగించి కూరను, వదులుగానే పెడతాను. సరుకు వేడివేడిగా పెట్టేస్తాను, వెంటనే పొయ్యెక్కిస్తాను. నడిమధ్యన గుచ్చి చూసి, పొగలు రాకపోతే దించను. ఆపైన దేవుడున్నాడండి.”

“దేవుడు కమిటీ సభ్యుడు కాడు” అన్నారు వరహాలశెట్టిగారు. కాని ఆయన గొంతులో బలం లేదు. సందేహమనేదే లేనప్పుడు నిలుపుదల చెయ్యడానికి ఆధారం ఏదీ?

కమిటీ తలుపులు మూసుకుని సాయంత్రం దాకా తర్జనభర్జన పడి తీర్మానం చేసింది. లోపల వండితే ప్రమాదమని ఒప్పుకోవాలి. లోపల వండక తప్పదనీ ఒప్పుకోవాలి. కావున, ‘కోడి కడుపులో సరుకును యథాప్రకారం కూరి వండవచ్చును. అయితే అట్లు లోపల ఉన్న సరుకును బయటనే ఉన్నట్లు భావించవలెను.’ ఉభయ శాఖలూ సంతకాలు చేశాయి. బయట ఉన్నట్టు భావించాక అది పులావు అవుతుందేమోనని భుజంగరావు నోరు తెరవబోయి, రాహేలమ్మ ముఖం చూసి మూసేశాడు.

శనివారం విందు జరిగింది. రాహేలమ్మ ఆ రోజు మూత తీసి గుచ్చి చూసి, మళ్ళీ మూత పెట్టి, మళ్ళీ చూసింది. ఎన్నిసార్లు చూసిందో చెబితే సంస్థకు మంచిది కాదు. లోపల నడిమధ్య నుంచి బుసబుసమని పొగలు వచ్చాకే దించింది. పద్మాక్షి మెడలో దండ వేసుకుని, కోడిని ముందు పెట్టుకుని ఫోటో దిగింది. ఫోటో తీసేవాడు నవ్వమంటే ఆవిడకు రాలేదు. “కోడి వైపు చూడమ్మా” అన్నాడు. కోడి వెనక నిలబడిన రాహేలమ్మ వైపు చూసింది. అప్పుడు వచ్చింది.

ఫోటో చూసి పై ఆఫీసు రాత్రికి రాత్రే విడుదల ఉత్తర్వు పంపింది. ఆదివారం బస్టాండులో రాహేలమ్మ డబ్బా చేతికిచ్చింది. “అరటాకులో చుట్టా. పొద్దున కొత్తగా వండిందే, నిన్నటిది కాదు. మధ్యాహ్నంలోపు తినెయ్. సాయంత్రానికి ఉంచితే తినమాక, పారెయ్. పారేసినా నేనేమీ అనుకోను. కామేశానికని దాచావంటే మాత్రం ఊరుకోను.”

“సరే పెద్దమ్మా.”

“ఉప్పు చారెడు పోస్తాడేమో, పక్కనుండి చూడు.”

“సరే.”

బస్సు కదిలింది. పద్మాక్షి కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరిచి, మాట గుర్తొచ్చి ఆగిపోయి, చెయ్యి మాత్రం ఊపింది. రాహేలమ్మే గట్టిగా అరిచింది, జీవితంలో మొదటిసారి: “వెళ్ళిరావే!”

సోమవారం మధ్యాహ్నం వంటింట్లో ఏ చప్పుడూ లేదు. రాహేలమ్మ కాసేపు కూర్చుని, లేచి, చేతులు తుడుచుకుంటూ మేనేజరు గదికి వెళ్ళింది.

“అయ్యా, ఒక చిన్న సందేహం.”

భుజంగరావు చేతిలో కలం జారింది.

“లోపలున్నదాన్ని బయటున్నట్టు అనుకోవచ్చని పెద్దోళ్ళు రాశారు గదండీ. మరి బయటికెళ్ళిపోయిన మనిషిని లోపలే ఉన్నట్టు అనుకోవచ్చా అండీ?”

భుజంగరావు నినాదం వైపు చూశాడు. కిటికీలోంచి పద్మాక్షి ఖాళీ కుర్చీ వైపు చూశాడు. కలం తీసి, తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

“నియమాల్లో ఉన్నట్టు లేదు రాహేలమ్మా” అన్నాడు మెల్లగా. “పైకి రాస్తాను.”

“వద్దులెండయ్యా” అంది రాహేలమ్మ. “ఇదొక్కటీ పైకి రాయమాకండి. ఇది నేను చూసుకుంటాను.”